పేదరిక నిర్మూలన నిధుల కోసం అమెరికా కాంగ్రెస్‌ను అడగడం ఎలా: అక్కడి తెలుగువారికి సమగ్ర మార్గదర్శి

మన కాంగ్రెస్‌మన్‌ను మనం కలవొచ్చా? కలిస్తే ఏమడగాలి? అడిగితే వింటారా? 2025లో విదేశాలకు సాయం అందించే అమెరికా ప్రభుత్వ సంస్థ యూఎస్‌ఎయిడ్ మూతపడినప్పటి నుంచి, ఫుడ్ స్టాంపుల నిబంధనలు బిగిసినప్పటి నుంచి అమెరికాలోని తెలుగువాళ్లు పదేపదే అడుగుతున్న ప్రశ్నలివి.

కలవొచ్చు, వింటారు కూడా. అయితే "పేదలకు సాయం చెయ్యండి" అంటే ఏ ఆఫీసులోనైనా "తప్పకుండా" అంటారు, మాట అక్కడితో ఆగిపోతుంది. ఏ పద్దు, ఎంత డబ్బు, ఏ తేదీలోపు, ఆ ప్రతినిధి స్వయంగా చేయాల్సిన పని ఏమిటి అన్న నాలుగూ చెప్పి అడిగితే, చేస్తామనో చేయమనో తేల్చి చెప్పక తప్పదు. కింద రాసినదంతా ఆ నాలుగూ సమకూర్చుకోవడం గురించి, జవాబు వచ్చేదాకా వెంటపడటం గురించి.

1. ఎవరు అడగొచ్చు, దేనికి దూరంగా ఉండాలి

ప్రభుత్వానికి విన్నవించుకునే హక్కు మొదటి రాజ్యాంగ సవరణలో ఉంది. అది పౌరులకే పరిమితం కాదు. గ్రీన్‌కార్డు ఉన్నవారు, హెచ్‌1బీ మీద ఉన్నవారు, విద్యార్థులు కూడా తాము నివసించే నియోజకవర్గ ప్రతినిధికి ఫోన్ చేయొచ్చు, రాయొచ్చు, కలవొచ్చు. ఓటు లేనివారు "నేను మీ ఓటరును" అనకూడదు. "మీ నియోజకవర్గంలో ఉంటాను" అంటే చాలు.

వీసా మీద ఉండి బయటికి రావడానికి వెనకాడేవారిని బలవంతపెట్టొద్దు. సమాచారం సేకరించడం, పత్రం తయారుచేయడం, తేదీలు చూసుకోవడం కూడా సగం పని. అనుమానం ఉంటే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను అడగండి.

ముందే సరిచూసుకోవాల్సినవి:

- ఎన్నికల విరాళం ఇచ్చే హక్కు పౌరులకు, గ్రీన్‌కార్డుదారులకు మాత్రమే ఉంది. మిగతావారు ఒక్క డాలరు ఇచ్చినా చట్టవిరుద్ధం. ఇవ్వగలిగినవారు కూడా కాంగ్రెస్ ఆఫీసులో విరాళాల మాట ఎత్తకూడదు.
- జీతం తీసుకోకుండా చేసేవారు లాబీయిస్టుగా నమోదు కానక్కర్లేదు.
- విదేశీ ప్రభుత్వం తరఫునగానీ, దాని సూచన మీదగానీ వెళ్తే, విదేశాల తరఫున పనిచేసేవారికి వర్తించే ఫారా చట్టం కింద నమోదు కావాల్సి రావొచ్చు. కాన్సులేట్‌ను ఇందులోకి లాగకండి.
- 501సీ3 హోదా (పన్ను మినహాయింపు ఉన్న సేవాసంస్థ హోదా) ఉన్న తెలుగు సంఘం చట్టాల గురించి పరిమితంగా మాట్లాడొచ్చు. ఏ అభ్యర్థినీ సమర్థించకూడదు, వ్యతిరేకించకూడదు.
- మీ కంపెనీ ఈమెయిల్, కంపెనీ పని సమయం వాడొద్దు.
- శాలువా, జ్ఞాపిక, స్వీట్ బాక్సు తీసుకెళ్లకండి. ఒక్కో బహుమతి విలువ 50 డాలర్లలోపు ఉండాలని, ఒకరి నుంచి ఏడాది మొత్తమ్మీద 100 డాలర్లు చేరకూడదని కాంగ్రెస్ నియమం. మన మర్యాద వాళ్లకు తలనొప్పి అవుతుంది.

2. మీ ముగ్గురు ఎవరో తేల్చుకోండి

రాష్ట్రాల్లోని ప్రతి చిరునామాకూ ఒక హౌస్ ప్రతినిధి, ఇద్దరు సెనేటర్లు ఉంటారు. హౌస్ వెబ్‌సైట్‌లో జిప్ కోడ్ కొడితే ప్రతినిధి పేరు వస్తుంది. ఒకే జిప్‌లో రెండు నియోజకవర్గాలుంటే పూర్తి చిరునామా అడుగుతుంది.

టెక్సస్, కాలిఫోర్నియాల్లో 2025లో హద్దులు మార్చారు. అవి 2026 ఎన్నికలకు వర్తిస్తాయి. కొత్తగా గెలిచినవారు 2027 జనవరిలో ప్రమాణం చేసేదాకా పాత హద్దుల ప్రకారం ఉన్నవారే మీ ప్రతినిధి.

పేర్లు తెలిశాక ఒక్కొక్కరి గురించి అర పేజీ రాసుకోండి: ఏయే కమిటీల్లో ఉన్నారు, నిరుడు ఏ ఉమ్మడి లేఖల (పలువురు సభ్యులు కలిసి ఉపసంఘానికి రాసేవి) మీద సంతకం చేశారు, ఏ బిల్లులకు సహప్రతిపాదకులు. బిల్లుల వివరాలు కాంగ్రెస్ డాట్ గవ్‌లో దొరుకుతాయి. ఇది చదవకుండా వెళ్తే, ఆయన ఎప్పుడో సంతకం చేసిన లేఖ మీదే మళ్లీ సంతకం అడిగి చిన్నబోతారు.

3. ఏ కార్యక్రమానికి ఏ తలుపు తట్టాలి

ఎక్కువ మంది శ్రమ వృథా అయ్యేది ఇక్కడే. డబ్బు రెండు దారుల్లో వస్తుంది. కొన్ని కార్యక్రమాలకు ఏటా కేటాయింపుల బిల్లులో కొత్తగా డబ్బు పెట్టాలి. మరికొన్నిటికి చట్టంలోనే అర్హత రాసి ఉంటుంది. ఆ నిబంధనలు మారాలంటే చట్టమే మారాలి.

ఏటా కేటాయించేవి:

- ఎయిడ్స్, క్షయ, మలేరియాల మీద పోరాడే గ్లోబల్ ఫండ్, పేద దేశాల పిల్లలకు టీకాలు ఇచ్చే గావి, క్షయ నివారణ, హెచ్‌ఐవీ చికిత్సకు చెందిన పెప్ఫార్: విదేశాంగ శాఖ పద్దులు చూసే కేటాయింపుల ఉపసంఘం.
- గర్భిణులకు, బాలింతలకు, పసిపిల్లలకు పోషకాహారం ఇచ్చే విక్, పేద దేశాల్లో బడి భోజనం పెట్టే మెక్‌గవర్న్–డోల్: వ్యవసాయ కేటాయింపుల ఉపసంఘం.
- పేద కుటుంబాల చిన్నపిల్లలకు బడికి ముందు చదువు చెప్పే హెడ్ స్టార్ట్, కరెంటు–హీటింగు బిల్లుల సాయం: కార్మిక, ఆరోగ్య శాఖల ఉపసంఘం.
- ఇంటి అద్దె వౌచర్లు: రవాణా, గృహనిర్మాణ ఉపసంఘం.

చట్టం మారాల్సినవి:

- ఫుడ్ స్టాంపులు, అంటే స్నాప్: రెండు సభల వ్యవసాయ కమిటీలు.
- పిల్లలున్న కుటుంబాలకు ఇచ్చే పన్ను రాయితీ, అంటే చైల్డ్ టాక్స్ క్రెడిట్: హౌస్‌లో వేస్ అండ్ మీన్స్, సెనేట్‌లో ఫైనాన్స్ కమిటీ.
- పేదలకు ప్రభుత్వ ఆరోగ్య బీమా, అంటే మెడికెయిడ్: హౌస్‌లో ఎనర్జీ అండ్ కామర్స్, సెనేట్‌లో ఫైనాన్స్.

స్నాప్ విషయంలో ఇంకో తలుపు కూడా ఉంది. 2025 జులై 4న సంతకమైన చట్టం ప్రకారం, 2026 అక్టోబర్ నుంచి పరిపాలన ఖర్చులో రాష్ట్రాల వాటా 50 శాతం నుంచి 75 శాతానికి పెరుగుతుంది. కాబట్టి మీ రాష్ట్ర శాసనసభ్యుణ్ణి కూడా జాబితాలో చేర్చుకోండి.

మీ ప్రతినిధి ఆ కమిటీలో లేకపోయినా నిరాశ వద్దు. ఏ సభ్యుడైనా ఉమ్మడి లేఖ మీద సంతకం చేయొచ్చు, ఫలానా పద్దుకు ఇంత ఉంచమని ఉపసంఘానికి సొంతంగా అభ్యర్థన పంపొచ్చు, ఉపసంఘం చైర్మన్‌తో నేరుగా మాట్లాడొచ్చు. ఈ మూడింటిలో ఏది అడుగుతున్నారో ఇంట్లోనే తేల్చుకోండి.

4. ఏ నెలలో ఏం అడగాలి

అమెరికా ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1న మొదలవుతుంది. తేదీలు ఏటా అటూ ఇటూ జరుగుతాయి కానీ వరస ఇది:

- జనవరి–ఫిబ్రవరి: జట్టు, పత్రం తయారీ. అధ్యక్షుడి బడ్జెట్ ప్రతిపాదన ఫిబ్రవరిలో రావాలి, తరచూ ఆలస్యమవుతుంది.
- ఫిబ్రవరి–ఏప్రిల్: సభ్యులు ఉపసంఘాలకు అభ్యర్థనలు పంపే సమయం, ఉమ్మడి లేఖలు తిరిగే సమయం. ఒక్కో ఆఫీసుకు ఒక్కో గడువు ఉంటుంది, ఫోన్ చేసి అడగండి. ఏడాదిలో ఒక్కసారే వెళ్లగలిగితే ఇప్పుడే వెళ్లండి.
- మే–జులై: ఉపసంఘాల్లో బిల్లుల మీద చర్చ, సవరణలు.
- ఆగస్టు: సభలకు సెలవు. సభ్యులు ఊళ్లోనే ఉంటారు, నేరుగా కలవడానికి అనువైన నెల.
- సెప్టెంబర్ నుంచి: బిల్లు పూర్తికాకపోతే తాత్కాలిక కేటాయింపు, లేదంటే మూసివేత. 2025లో అక్టోబర్ 1 నుంచి నవంబర్ 12 దాకా ప్రభుత్వం మూతపడి, నవంబర్‌లో స్నాప్ చెల్లింపులకు ఆటంకం కలిగింది. ఇలాంటి వారాల్లో పొడుగు పత్రాలు పక్కనపెట్టి ఫోన్ ఎత్తండి.

మీటింగులు జూన్‌లో మొదలుపెట్టి, లేఖ గడువు మార్చిలోనే పోయిందని తెలుసుకునేవారు చాలామంది. క్యాలెండర్‌లో మొదట వెయ్యాల్సిన గుర్తు ఆ గడువుదే.

5. అడిగే మాటను రాసుకోండి

అడగందే అమ్మైనా పెట్టదంటారు. కాంగ్రెస్ ఆఫీసులో అడిగినా, సరిగ్గా అడగకపోతే పెట్టరు. తేడా చూడండి.

బలహీనం: "విదేశీ సాయం తగ్గించొద్దు."

కొంచెం నయం: "గావికి నిధులు కొనసాగించండి."

సరైనది: "పేద దేశాల పిల్లలకు టీకాలు ఇచ్చే గావికి వచ్చే ఆర్థిక సంవత్సరంలో కనీసం 300 మిలియన్ డాలర్లు ఉంచాలని ఉపసంఘం చైర్మన్‌కు వెళ్తున్న ఉమ్మడి లేఖ మీద, ఫలానా శుక్రవారంలోపు కాంగ్రెస్‌మన్ సంతకం చేస్తారా?"

మూడోది ప్రశ్నగా ముగిసింది. అది ముఖ్యం. "చేయాలని కోరుతున్నాం" అంటే తల ఊపుతారు. "చేస్తారా?" అంటే జవాబు చెప్పాలి.

అంకె గాల్లోంచి రాకూడదు. గతంలో ఎంత ఇచ్చారో చూసి అక్కడి నుంచి లెక్కకట్టండి. ఉదాహరణకు 2024 ఆర్థిక సంవత్సరంలో గ్లోబల్ ఫండ్‌కు 1.65 బిలియన్లు, గావికి 300 మిలియన్లు, విదేశాంగ పద్దులోని క్షయ నివారణకు 394.5 మిలియన్ డాలర్లు కేటాయించారు. తాజా అంకె బిల్లుతో పాటు కమిటీ ఇచ్చే వివరణ పత్రంలో ఉంటుంది. ఉమ్మడి లేఖలో ఉన్న అంకె, మీరు అడిగే అంకె ఒకటే అయ్యుండాలి. వేరైతే స్టాఫర్ (ప్రతినిధి ఆఫీసు ఉద్యోగి) అయోమయంలో పడి రెండూ పక్కన పెడతారు.

మనవాళ్లు తడబడేది కోట్ల దగ్గర. మనసులో 30 కోట్లని లెక్కేసుకుని, నోటితో 30 మిలియన్లు అనేస్తుంటారు. పది లక్షలు ఒక మిలియన్, వంద కోట్లు ఒక బిలియన్. అంకెను ఇంగ్లిష్‌లోనే కాగితం మీద రాసుకుని చదవండి.

అడిగే మాట చుట్టూ మరో మూడు ముక్కలు చేర్చితే ఒక నిమిషం ప్రసంగం తయారవుతుంది. చైల్డ్ టాక్స్ క్రెడిట్ మీద ఇలా:

- కలిపే మాట: "కిందటేడాది మీరు పసిపిల్లల సంరక్షణ బిల్లుకు సహప్రతిపాదకులయ్యారు, ధన్యవాదాలు." ఇది నిజమై ఉండాలి, ముందే సరిచూసుకోవాలి.
- సమస్య: "సెన్సస్ బ్యూరో అనుబంధ కొలమానం ప్రకారం పిల్లల పేదరికం 2021లో 5.2 శాతం ఉండగా 2022లో 12.4 శాతానికి పెరిగింది."
- దారి: "2021లో ఈ క్రెడిట్‌ను ఆరేళ్లలోపు పిల్లలకు 3,600 డాలర్లకు, పెద్ద పిల్లలకు 3,000 డాలర్లకు పెంచి, ఆదాయం లేని కుటుంబాలకూ పూర్తిగా ఇచ్చారు. అది ఆగిపోవడం ఈ పెరుగుదలకు ఒక ముఖ్య కారణం."
- అడిగే మాట: "అతి తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకూ క్రెడిట్ పూర్తిగా అందేలా చట్టం మార్చాలని వేస్ అండ్ మీన్స్ చైర్మన్‌తో మాట్లాడతారా?"

ఒక మీటింగుకు ఒకటి, మహా అయితే రెండు అభ్యర్థనలు. ఐదు తీసుకెళ్తే అందులో అతి సులువైనది ఒప్పుకుని పంపించేస్తారు.

6. సొంత అనుభవం: తొంభై సెకన్లు

అంకెలు స్టాఫర్ దగ్గర ముందే ఉంటాయి. లేనిది మీ అనుభవం. మన దగ్గర అది దండిగా ఉంది. 2023లో ప్రపంచంలో 1.08 కోట్ల మంది క్షయ జబ్బున పడ్డారని, అందులో 26 శాతం భారత్‌లోనేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మందు మధ్యలో ఆపేస్తే ఏమవుతుందో చూసిన కుటుంబాలు మన ఊళ్లలో తక్కువ కాదు.

ఎవరు, ఎక్కడ, ఏ లోటు వల్ల ఏం జరిగింది, ఏది అంది ఉంటే మారేది అన్న వరసలో రాయండి. ఇతరుల కథ అయితే అనుమతి తీసుకోండి, పేరు మార్చండి. గడియారం పెట్టుకుని చదవండి. తొంభై సెకన్లు దాటితే మొదటి పేరా కొట్టేయండి, సాధారణంగా అనవసరమైనది అదే.

ఒక జాగ్రత్త. గావి ద్వారా వెళ్లే టైఫాయిడ్, రోటావైరస్ టీకాల్లో హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారుచేసినవి ఉన్నాయి. మనకు గర్వకారణమే. కానీ ఆ ఆఫీసులో అది "మా ఊరి కంపెనీకి మేలు చెయ్యండి" అన్నట్టు వినిపిస్తుంది. టీకా తక్కువ ధరకు దొరకడం వల్ల అదే డాలరుతో ఎక్కువమంది పిల్లలకు అందుతోందని చెప్పండి, అక్కడితో ఆపండి.

7. ఫోన్, వెబ్ ఫారం, ఉత్తరం

కాపిటల్ స్విచ్‌బోర్డు 202-224-3121. ప్రతినిధి పేరు చెబితే కలుపుతారు. ఎత్తేది ఇంటర్న్ కావచ్చు, ఇబ్బంది లేదు. వాళ్ల పని మీ మాట లెక్కలో రాయడం. చెప్పాల్సింది ఇంతే:

"నా పేరు ఫలానా, ఫలానా ఊళ్లో ఉంటాను, నా జిప్ కోడ్ ఇది. గ్లోబల్ ఫండ్‌కు పూర్తి నిధులు కోరే ఉమ్మడి లేఖ మీద కాంగ్రెస్‌వుమన్ సంతకం చేయాలని అడుగుతున్నాను. ఈ విషయంలో ఆమె నిర్ణయం తీసుకున్నారా? నాకు రాతపూర్వకంగా జవాబు కావాలి."

నలభై సెకన్లు చాలు. యాస గురించి బెంగ వద్దు, మెల్లగా మాట్లాడండి. రాత్రి వాయిస్‌మెయిల్ పెట్టినా లెక్కలోకి వస్తుంది.

వెబ్ ఫారంలో అందరూ ఒకే పాఠం అతికిస్తే ఒకే గుట్టగా పక్కనపెడతారు. మొదటి మూడు వాక్యాలైనా సొంతంగా రాయండి. వాషింగ్టన్‌కు పోస్టులో పంపే ఉత్తరం 2001 ఆంత్రాక్స్ ఘటన తర్వాత పెట్టిన తనిఖీల వల్ల చాలా ఆలస్యంగా చేరుతుంది. కాగితమే పంపాలనుకుంటే స్థానిక ఆఫీసులో ఇవ్వండి.

8. మీటింగు

మూడు నాలుగు వారాల ముందు షెడ్యూలర్‌కు, అంటే ప్రతినిధి అపాయింట్‌మెంట్లు చూసేవారికి, ఈమెయిల్ పెట్టండి: విషయం, వచ్చేవారి పేర్లు, ఊళ్లు, రెండు మూడు తేదీలు. వారంలో జవాబు రాకపోతే ఫోన్ చేయండి. మూడోసారి చేసినా తప్పు కాదు, వాళ్లకు వచ్చే ఈమెయిళ్లు అన్ని.

ప్రతినిధి దొరక్కపోతే ఆ అంశం చూసే లెజిస్లేటివ్ అసిస్టెంట్‌ను అడగండి. పాతికేళ్ల కుర్రాడో అమ్మాయో వస్తే చిన్నచూపు చూడొద్దు. ఏ లేఖ మీద సంతకం చేయాలో సిఫారసు రాసేది వాళ్లే.

నలుగురు నుంచి ఆరుగురు వెళ్లండి. పాత్రలు ముందే పంచుకోండి: నడిపేవారు ఒకరు, అనుభవం చెప్పేవారు ఒకరు, అడిగేవారు ఒకరు, రాసుకునేవారు ఒకరు. ముందురోజు జూమ్‌లో ఒకసారి పూర్తిగా చేసి చూడండి.

ఇరవై నిమిషాల మీటింగుకు సమయం ఇలా సరిపెట్టుకోండి:

- పేరు, ఊరు: 2 నిమిషాలు. పదవులు, బిరుదులు, సంఘం చరిత్ర వద్దు. అధ్యక్షులవారిని ఘనంగా పరిచయం చేయబోయి సగం సమయం పోగొట్టుకున్న బృందాలు ఎన్నో.
- ధన్యవాదం, సమస్య: 3 నిమిషాలు
- అనుభవం: 2 నిమిషాలు
- అడిగే మాట: 1 నిమిషం. ఆ తర్వాత మౌనంగా ఉండండి. నిశ్శబ్దం ఇబ్బందిగా అనిపించి మనమే మాట్లాడేస్తే, వాళ్లు జవాబు తప్పించుకుంటారు.
- చర్చ: 9 నిమిషాలు
- ఎవరు ఏం చేస్తారో తేల్చుకోవడం, ఫొటో: 3 నిమిషాలు

"బాస్‌కు చెబుతాను" అంటారు. దానికి మీ జవాబు: "ధన్యవాదాలు. ఎప్పటికి చెప్పగలరు? గడువు శుక్రవారం కదా, బుధవారం నేను ఫోన్ చేయనా?" ఈ రెండు వాక్యాలూ బృందంలో అందరికీ నోటికి రావాలి.

చివర్లో "మరి మా గ్రీన్‌కార్డుల సంగతి..." అని ఎవరో ఒకరు ఎత్తుతారు. ముందే వద్దని చెప్పుకోండి. అప్పటిదాకా పేదల కోసం మాట్లాడిన బృందం ఆ క్షణంలో సొంత పని మీద వచ్చినట్టు కనిపిస్తుంది. వ్యక్తిగత కేసుకు అదే ఆఫీసులో కేస్‌వర్కర్ ఉంటారు. ప్రైవసీ ఫారం నింపి వేరే రోజు ఇవ్వండి.

బయల్దేరే ముందు:

- ఒక వైపు మాత్రమే ముద్రించిన ఒక్క పేజీ పత్రం: అడిగే మాట పైన, మూడు అంకెలు, మీ ఫోన్ నంబరు
- ప్రతినిధి గురించి రాసుకున్న అర పేజీ
- సెక్యూరిటీ లైను ఉంటుంది కాబట్టి అరగంట ముందు రాక
- భవనం పేరు. హౌస్‌వి కానన్, లాంగ్‌వర్త్, రేబర్న్. సెనేట్‌వి రస్సెల్, డర్క్‌సన్, హార్ట్. పొరబడితే కాపిటల్ అటు చివర నుంచి ఇటు చివరకు నడవాలి

9. ఎదురయ్యే అభ్యంతరాలు

"ముందు మన దేశంలో పేదల సంగతి చూడాలి కదా." విదేశీ సాయం ఫెడరల్ బడ్జెట్‌లో సుమారు ఒక శాతం. వీలైతే స్వదేశీ అభ్యర్థన ఒకటి, విదేశీ అభ్యర్థన ఒకటి తీసుకెళ్లండి. ఈ అభ్యంతరం అప్పుడు దానంతటదే పడిపోతుంది.

"మిగతా దేశాలు ఇవ్వడం లేదు." గ్లోబల్ ఫండ్‌కు వచ్చే మొత్తంలో అమెరికా వాటా 33 శాతం మించకూడదని అమెరికా చట్టమే ఏళ్ల తరబడి షరతు పెట్టింది. అంటే అమెరికా ఇచ్చే ప్రతి డాలరుకూ మిగతావారు రెండు డాలర్లు తేవాల్సి వచ్చేది.

"డబ్బు దారి మళ్లుతుంది." గ్లోబల్ ఫండ్‌కు సొంత ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం ఉంది, తప్పులు దొరికితే నివేదికలు బహిరంగంగా పెడుతుంది.

తెలియని ప్రశ్న వస్తే "కనుక్కుని రేపు పంపుతాం" అనండి. ఊహించి చెప్పిన ఒక్క తప్పుడు అంకె బృందం మాట విలువంతా తీసేస్తుంది. పార్టీ రాజకీయాల్లోకి లాగినా దిగొద్దు. పెప్ఫార్‌ను 2003లో రిపబ్లికన్ అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ బుష్ మొదలుపెట్టారు, రెండు పార్టీలూ మోశాయి. రిపబ్లికన్ ఆఫీసులో ముందు చెప్పాల్సిన మాట ఇదే.

10. తర్వాతి రెండు వారాలు

- అదే రోజు: బయటకు రాగానే నోట్సు పోల్చుకోండి. ఒప్పుకున్నది, కాదన్నది, అడిగిన సమాచారం వేర్వేరుగా రాయండి.
- 24 గంటల్లో: ధన్యవాదాల ఈమెయిల్, అందులో అడిగే మాట మళ్లీ ఒకసారి, అడిగిన సమాచారం.
- గడువుకు రెండు రోజుల ముందు: ఫోన్.
- గడువు తర్వాత: సంతకాల జాబితా చూడండి. పేరుంటే స్థానిక పత్రికకు 150–200 పదాల లేఖ రాసి, ప్రతినిధి పేరుతో ధన్యవాదాలు చెప్పండి. ఆఫీసులు తమ పేరు వచ్చిన ప్రతి ముక్కా చదువుతాయి. పేరు లేకపోతే కారణం అడగండి, వచ్చే ఏడాది ప్రసంగం ఆ కారణం నుంచి మొదలుపెట్టండి.

ఫొటో పెట్టేటప్పుడు "మనకు మద్దతు ప్రకటించారు" అని రాయకండి, నిజంగా ప్రకటిస్తే తప్ప. "కలిశాం, ఫలానాది అడిగాం" అంటే సరిపోతుంది. ఒప్పుకోని మాట అంటగడితే ఆ తలుపు మళ్లీ తెరుచుకోదు.

11. బిల్లు పాసయ్యాక కూడా చూడాల్సినవి

కేటాయించిన డబ్బు ఖర్చవుతుందన్న భరోసా ఇప్పుడు లేదు. 1974 నాటి చట్టం కింద అధ్యక్షుడు కేటాయింపులు రద్దు చేయమని ప్రతిపాదించవచ్చు, కాంగ్రెస్ సాధారణ మెజారిటీతో ఒప్పుకోవచ్చు. 2025 జులైలో దాదాపు 9 బిలియన్ డాలర్లు అలాగే రద్దయ్యాయి, అందులో ఎక్కువ భాగం విదేశీ సాయం. అదే ప్యాకేజీలో పెప్ఫార్ మీద ప్రతిపాదించిన 400 మిలియన్ల కోతను మాత్రం సెనేట్ తీసేసింది. రిపబ్లికన్ సెనేటర్లు కొందరు ఆ పద్దు పేరు పెట్టి అభ్యంతరం చెప్పారు కాబట్టి అది నిలిచింది.

రద్దు ప్రతిపాదన వచ్చాక కాంగ్రెస్‌కు ఉండేది 45 రోజులు. ఆ వార్త కనిపించిన రోజే ఇద్దరు సెనేటర్ల ఆఫీసులకూ ఫోన్ చేసి, మీ పద్దు పేరు చెప్పి, దాన్ని ప్యాకేజీ నుంచి తీయమని అడగండి. "అన్నీ కాపాడండి" అనకండి.

ప్రతిపాదన ఏదీ లేకపోయినా మూడు నెలలకోసారి అదే స్టాఫర్‌కు ఒక ప్రశ్న పంపండి: "మేం అడిగిన పద్దులో విదేశాంగ శాఖ ఇప్పటికి ఎంత విడుదల చేసింది? తెలియకపోతే శాఖను రాతపూర్వకంగా అడుగుతారా?" రద్దు ప్రతిపాదన ఆర్థిక సంవత్సరం చివర్లో వస్తే ఆ 45 రోజులు గడిచేలోపే డబ్బు గడువు తీరిపోవచ్చు. 2025 ఆగస్టు చివర్లో 4.9 బిలియన్ డాలర్ల విదేశీ సాయం మీద వచ్చిన ప్రతిపాదన అలాంటిదే. కాబట్టి ఈ ప్రశ్నలు జనవరి, ఏప్రిల్, జులై నెలల్లో వెళ్లాలి. సెప్టెంబర్‌లో అడిగితే ఆలస్యమైపోయినట్టే.